పిస్టల్ తూటా కాల్చే రివాల్వర్: ఎవరికి పనికొస్తుంది, ఎవరికి వద్దు

పోయిన ఎండాకాలం మిర్యాలగూడ నుంచి ఒక రైస్ మిల్లు యజమాని మా ఇంటికి వచ్చాడు. తండ్రి పోయాక దరఖాస్తు పెట్టుకుని, ఆఫీసుల చుట్టూ తిరిగి, ఆయుధ లైసెన్స్ తన పేరు మీద తెచ్చుకున్నాడు. తండ్రి వాడిన .32 రివాల్వర్ (గొట్టం లోపలి లావు సుమారు 0.32 అంగుళం) ఇప్పుడు అతనిది. నేను పోలీసు ఆయుధాగారంలో ఆర్మరర్‌గా, అంటే తుపాకులు చూసి బాగుచేసేవాడిగా పనిచేసి రిటైరైన మనిషిని. ఒకసారి చూసిపెట్టమని తెచ్చాడు. గుడ్డ విప్పితే రివాల్వర్ పక్కన రెండు రకాల తూటాలున్నాయి. కొన్ని పొడుగ్గా, అడుగున వెడల్పు అంచుతో ఉన్నాయి. కొన్ని పొట్టివి. ఆ పొట్టివి పిస్టల్ తూటాలు. వాళ్ల నాన్నకు ఒకప్పుడు .32 పిస్టల్ కూడా ఉండేది. దాన్ని అమ్మినప్పుడు ఇవి బీరువాలో మిగిలిపోయాయి.

"రెండూ పాయింట్ 32యే కద కాకా. రెండూ సిలిండర్ల పడుతున్నయి. ఏది పెడితే ఏంది?" అన్నాడు.

అదే వారంలో డాలస్ నుంచి మా మేనల్లుడు ఫోన్ చేశాడు. "మామా, ఇక్కడ 9 ఎం.ఎం. తూటా కాల్చే రివాల్వర్లు దొరుకుతున్నయి. నా దగ్గరున్న పిస్టల్ కూడా 9 ఎం.ఎం.యే. ఒకటే తూటా రెండింటికీ అయితది. తీసుకోవచ్చునా?"

ఒకరిది నల్లగొండ జిల్లా, ఒకరిది టెక్సస్. అడిగింది మాత్రం ఒకటే. పిస్టల్ కోసం పుట్టిన తూటాను రివాల్వర్‌లో కాలిస్తే లాభముందా? మిల్లు యజమానికి గట్టిగా వద్దన్నాను. మేనల్లుడికి కొన్ని షరతులతో సరేనన్నాను. ఇద్దరికీ వేర్వేరు జవాబు ఎందుకు చెప్పానో ఇక్కడ వివరంగా రాస్తున్నాను. ఇదే సందేహం చాలామంది లైసెన్సుదారుల్లో ఉందని నాకు తెలుసు.

తేడా అంతా అడుగు అంచులో ఉంది

రివాల్వర్ తూటాను బల్ల మీద నిలబెట్టి చూడండి. అడుగున పళ్లెం అంచులాగా బయటికి వచ్చిన చుట్టు కనిపిస్తుంది. దాన్నే రిమ్ అంటాం. అది రెండు పనులు చేస్తుంది. తూటాను సిలిండర్ (తూటాల గదులున్న, తిరిగే గుండ్రటి భాగం) గదిలో వేసినప్పుడు అది లోపలికి జారిపోకుండా గది నోటి మీద ఆనుకుని ఆగుతుంది. కాల్చిన తరువాత ఖాళీ కేసులను, అంటే మందు ఉండే ఇత్తడి గొట్టాలను, బయటికి తోయడానికి నక్షత్రం ఆకారంలో ఒక ఎక్స్‌ట్రాక్టర్ ఉంటుంది. అది పట్టుకునేది కూడా ఆ అంచునే.

పిస్టల్ తూటా బతుకు వేరు. అది పిస్టల్ పిడిలో దూర్చే మ్యాగజైన్ డబ్బాలో ఒకదాని మీద ఒకటి పేర్చుకుని ఉండాలి. పైనున్నది జారి బ్యారెల్‌లోకి పోవాలి. వెడల్పు అంచులుంటే ఒకదానికొకటి తగులుకుంటాయి. అందుకే 9 ఎం.ఎం., .45 ఏసీపీ (ఆటోమేటిక్ కోల్ట్ పిస్టల్) లాంటి తూటాలకు అంచు కేసుతో సమానంగా ఉంటుంది, దాని పైన చుట్టూ ఒక గాడి ఉంటుంది. పిస్టల్‌లోని కొక్కెం ఆ గాడిలో పట్టుకుని ఖాళీ కేసును బయటికి లాగుతుంది. ఇలాంటి తూటాను మామూలు రివాల్వర్ సిలిండర్‌లో వేస్తే ఆనుకోవడానికి అంచు ఉండదు, నక్షత్రానికి పట్టు దొరకదు.

ఈ చిక్కు అమెరికా సైన్యానికి 1917లోనే వచ్చింది. మొదటి ప్రపంచ యుద్ధంలోకి దిగేనాటికి వాళ్ల దగ్గర .45 పిస్టళ్లు సరిపడా లేవు. కోల్ట్, స్మిత్ అండ్ వెసన్ కంపెనీలు పెద్ద రివాల్వర్లు మాత్రం వెంటనే చేసివ్వగలవు. అయితే సైన్యానికి రెండు రకాల తూటాలు మోయడం కుదరదు. అప్పుడు పుట్టింది నెలవంక ఆకారంలో ఉండే చిన్న ఉక్కు రేకు. ఒక్కో రేకులో మూడు తూటాలను గాడి దగ్గర బిగిస్తారు. రెండు రేకులు పెడితే ఆరు గదులూ నిండుతాయి. తూటాకు లేని అంచు పనిని రేకు చేస్తుంది. ఆ రెండు కంపెనీలు కలిపి మూడు లక్షల దాకా ఈ 1917 మోడల్ రివాల్వర్లు చేశాయి. మొదట్లో వచ్చిన కోల్ట్‌లలో గది లోపల మెట్టు లేదు. రేకు లేకపోతే తూటా నిలవదు. స్మిత్ అండ్ వెసన్ గదిలో చిన్న మెట్టు పెట్టింది కాబట్టి రేకు లేకున్నా కాలేది. కానీ ఖాళీలను ఒక్కొక్కటిగా పుల్లతో పొడిచి తీయాల్సి వచ్చేది. 1920లో ఈ రివాల్వర్ల కోసమే మందపాటి అంచుతో .45 ఆటో రిమ్ అనే తూటాను తయారుచేశారు. ఆరింటినీ ఒకేసారి పట్టే గుండ్రటి రేకు తరువాతి కాలంలో వచ్చింది. దాని పేరు మూన్ క్లిప్.

మా మేనల్లుడు అడిగిన రివాల్వర్ ఇప్పటికీ ఆ రేకు మీదే నడుస్తుంది.

నేను ఏ వరుసలో చూస్తాను

ముందు చట్టం. మన దేశంలో 9 ఎం.ఎం. ప్రొహిబిటెడ్ బోర్, అంటే మామూలు పౌరులకు నిషేధించిన కొలత. జిల్లాలో కలెక్టర్ ఇచ్చే మామూలు లైసెన్స్ మీద అది రాదు. ఎంత డబ్బున్నా, ఎంత పలుకుబడి ఉన్నా ఆ ఆలోచన పక్కన పెట్టాల్సిందే. విదేశీ ఆయుధాలు మామూలు పౌరులు దిగుమతి చేసుకోవడం 1980ల మధ్యలోనే ఆగిపోయింది. గుర్తింపు ఉన్న షూటింగ్ క్రీడాకారులకే అందులో సడలింపు ఉంది. పైగా 2019లో ఆయుధాల చట్టాన్ని సవరించి, ఒక మనిషి దగ్గర ఉండదగ్గ ఆయుధాలను మూడు నుంచి రెండుకు తగ్గించారు. లైసెన్స్ గడువును మూడేళ్ల నుంచి ఐదేళ్లకు పెంచారు. రెండు ఆయుధాలకే వీలున్నప్పుడు సరదా కోసం ఒకటి తీసుకోవడం తెలివి కాదు.

తరువాత తూటా దొరకడం. ఏడాదికి ఎన్ని కొనవచ్చో మన లైసెన్స్ మీద రాసి ఉంటుంది. అమెరికాలో లాగా డబ్బాలకు డబ్బాలు తెచ్చి ప్రతి ఆదివారం కాల్చుకునే పరిస్థితి ఇక్కడ లేదు. అక్కడివాళ్లు రాసే సలహాల్లో సగం "9 ఎం.ఎం. చవక" అనే మాట మీదే ఉంటాయి. ఆ మాట నల్లగొండలో ఎందుకూ పనికిరాదు.

మూడోది ఒత్తిడి. మందు కాలినప్పుడు గది గోడల మీద పడే బలాన్ని పీఎస్ఐలో, అంటే చదరపు అంగుళానికి ఇన్ని పౌండ్లని కొలుస్తారు. తూటా సిలిండర్‌లో పట్టడం వేరు, ఆ ఒత్తిడిని తుపాకి తట్టుకోవడం వేరు. నా దగ్గరికి వచ్చే ప్రశ్నల్లో ఎక్కువ తికమక ఇక్కడే.

చివరగా, ఖాళీలు ఎలా బయటికి వస్తాయి, ఆ తుపాకి పట్టుకునే మనిషికి సాధన ఎంత ఉంది అన్నవి చూస్తాను.

| ఎంపిక | తూటా | గరిష్ఠ ఒత్తిడి | ఖాళీలు తీయడం | మన జిల్లా లైసెన్సుదారుకు |
|---|---|---|---|---|
| మామూలు .32 రివాల్వర్ | .32 ఎస్ అండ్ డబ్ల్యూ (స్మిత్ అండ్ వెసన్) లాంగ్ | 15,000 పీఎస్ఐ | నక్షత్రం ఒకేసారి తోస్తుంది | దొరుకుతుంది |
| .32 పిస్టల్ | .32 ఏసీపీ, అంటే 7.65 ఎం.ఎం. | 20,500 పీఎస్ఐ | తనంతట తనే విసురుతుంది | దొరుకుతుంది |
| .32 రివాల్వర్‌లో పిస్టల్ తూటా | .32 ఏసీపీ | 20,500 పీఎస్ఐ | నమ్మకం లేదు | చేయకూడదు |
| 9 ఎం.ఎం. రివాల్వర్ | 9 ఎం.ఎం. | 35,000 పీఎస్ఐ | మూన్ క్లిప్‌తో ఒకేసారి | రాదు |
| .45 ఏసీపీ రివాల్వర్ | .45 ఏసీపీ | 21,000 పీఎస్ఐ | మూన్ క్లిప్‌తో ఒకేసారి | దిగుమతి లేదు |

మామూలు .32 రివాల్వర్

మన దగ్గర లైసెన్స్ ఉన్నవాళ్లలో చాలామంది చేతుల్లో ఉండేది ఇదే. ఇందులో వాడే .32 ఎస్ అండ్ డబ్ల్యూ లాంగ్ 1896 నాటి తూటా. మెత్తగా కాలుతుంది, చేతికి దెబ్బ తక్కువ. కాన్పూర్ ప్రభుత్వ కర్మాగారాల రివాల్వర్లు దీన్నే వాడతాయి. 2014లో వచ్చిన నిర్భీక్ సుమారు 500 గ్రాములు తూగుతుంది. అప్పట్లో దాని ధర 1,22,360 రూపాయలు అని ప్రకటించారు. 2023 ఆగస్టులో వచ్చిన ప్రబల్ బరువు 700 గ్రాములు. ఈ రెండింటి మధ్య బరువు కంటే ముఖ్యమైన తేడా ఒకటుంది. పాత కాన్పూర్ .32, నిర్భీక్ మధ్యలో మడత తెరుచుకుంటాయి, పాత బ్రిటిష్ వెబ్లీ రివాల్వర్ల పద్ధతిలో. ప్రబల్ సిలిండర్ పక్కకు తెరుచుకుంటుంది. పక్కకు తెరుచుకునే దాంట్లో పై చట్రం ఒకే ముక్క కాబట్టి గట్టిదనం ఎక్కువ.

ఏడాదికి ఒక్కసారి కూడా కాల్చని మనిషికి రివాల్వరే మేలని నా అనుభవం. తూటా పేలకపోతే ఇంకోసారి ట్రిగర్ నొక్కితే చాలు, తరువాతి గది ముందుకొస్తుంది. లోడ్ అయి ఉందో లేదో తెరిచి చూస్తే కళ్లకు కనిపిస్తుంది. ఎన్నికలు వచ్చి స్టేషన్‌లో డిపాజిట్ చేసే రోజున ఈ సంగతి విలువ తెలుస్తుంది. టెన్షన్‌లో ఉన్న మనిషి పిస్టల్‌లో మ్యాగజైన్ తీసేసి, బ్యారెల్‌లో మిగిలిన ఒక్క తూటాను మరచిపోతాడు. నా సర్వీసులో ఈ పొరపాటు ఎన్నోసార్లు చూశాను.

.32 పిస్టల్

పలచగా ఉంటుంది, నడుముకు అతుక్కుని ఉంటుంది, మ్యాగజైన్ మార్చడం తేలిక. నెలకోసారైనా సాధన చేసే మనిషికి మంచి ఎంపికే. సాధన లేనివాళ్లకు నేను చెప్పను. ఎండాకాలం చెమటకు, వానాకాలం తేమకు స్ప్రింగులు, మ్యాగజైన్ పెదవులు పాడవుతాయి. వాటిని కనిపెట్టి చూసుకోవాలి.

.32 రివాల్వర్‌లో .32 పిస్టల్ తూటా: ఎందుకు వద్దంటున్నాను

మిల్లు యజమాని అన్న మాటలో అబద్ధం లేదు. నిజంగానే పడుతుంది. 1899లో బ్రౌనింగ్ తయారుచేసిన .32 ఏసీపీ తూటాకు మిగతా పిస్టల్ తూటాల్లా కాకుండా కాస్తంత అంచు ఉంది. రివాల్వర్ తూటా అంచు వెడల్పు 9.5 మిల్లీమీటర్లైతే దీనిది 9.1. కేసు లావు దాదాపు ఒకటే. బుల్లెట్ (తూటా ముందుండి ఎగిరిపోయే ముక్క) లావూ దాదాపు ఒకటే. పేరులోనూ .32 అనే ఉంది. ఇన్ని కలిసినప్పుడు ఎవరైనా మోసపోతారు.

ఒత్తిడి అంకెలు మళ్లీ చూడండి. 15,000 కోసం చేసిన రివాల్వర్‌లో 20,500 పడుతుంది. మూడో వంతు కంటే ఎక్కువ భారం. అది కూడా నడుమ మడత ఉన్న పాత రివాల్వర్ మీద. ఒక్కసారికే పగిలిపోతుందని నేను భయపెట్టడం లేదు. పైన ఉన్న గొళ్లెం, కింద ఉన్న కీలు మెల్లమెల్లగా వదులవుతాయి. సిలిండర్‌కూ బ్యారెల్‌కూ మధ్య సందు పెరుగుతుంది. ఒకరోజు సిలిండర్ గది బ్యారెల్‌కు సరిగ్గా ఎదురుగా ఆగదు. అప్పుడు బుల్లెట్ అంచు చెక్కుకుని సీసం ముక్కలు పక్కకు ఎగురుతాయి. కాల్చేవాడి చేతికి, పక్కన నిలబడ్డవాడి ముఖానికి తగులుతాయి.

పొడుగు తేడా తెచ్చే చిక్కు ఇంకోటి. రివాల్వర్ కేసు 23 మిల్లీమీటర్లు, పిస్టల్ కేసు 17. మిగిలిన జాగాలో మసి గట్టిగా పేరుకుని ఒక చుట్టు కడుతుంది. తరువాత అసలు పొడుగు తూటా వేస్తే అది ఆ మసి చుట్టుకు తగిలి పూర్తిగా దిగదు. సరిగ్గా దిగని తూటాతో సిలిండర్ తిరగనే తిరగదు. అవసరం పడిన రాత్రి ఇలా అయితే ఆ రివాల్వర్ ఇనుప ముద్దతో సమానం.

అంచు సన్నం కావడం వల్ల వచ్చే కష్టం కూడా ఉంది. రివాల్వర్‌ను మడిచి తెరవగానే నక్షత్రం పైకి లేస్తుంది. ఆ సన్నటి అంచు నక్షత్రం మీది నుంచి జారి కిందికి పోతే, నక్షత్రం ఖాళీ కేసు మీద కూర్చుంటుంది. ఇక తెరుచుకోదు, మూసుకోదు. ఆర్మరర్ బల్ల మీద కూడా దాన్ని విడదీయడం ఓపిక పని.

"మరి వీడియోల అమెరికావాళ్లు కాలుస్తున్నరు గద కాకా" అని అతను అడిగాడు. కాలుస్తారు, నిజమే. ఆ వీడియోల్లో ఎక్కువగా కనిపించేది .327 ఫెడరల్ మ్యాగ్నమ్ అనే తూటా కోసం చేసిన రివాల్వర్. ఆ తూటా గరిష్ఠ ఒత్తిడి 45,000 పీఎస్ఐ. అంత తట్టుకునే ఉక్కులో 20,500 ఒక లెక్క కాదు. మన బీరువాలోని రివాల్వర్ ఆ రివాల్వర్ కాదు.

పైగా లైసెన్స్ సంగతి. పిస్టల్ అమ్మేశాక దాని తూటాలు ఇంట్లో ఉంచుకునే హక్కు ఉండదు. ఇలాంటివి ఎవరింట్లోనైనా మిగిలి ఉంటే, పాత బావిలోనో కాలువలోనో పారేయకుండా స్టేషన్‌కు తీసుకెళ్లి రాసిచ్చి అప్పగించండి.

మూన్ క్లిప్ రివాల్వర్: మేనల్లుడి ప్రశ్న

ఇది పూర్తిగా అమెరికా సంగతి. ముందుగా ఒక హెచ్చరిక. మన ఊళ్ల నుంచి వెళ్లిన పిల్లలు చాలామంది ఎఫ్-1, హెచ్-1బీ వీసాల మీద ఉంటారు. ఇమ్మిగ్రెంట్ కాని వీసా మీద ఉన్నవాళ్లు తుపాకి, తూటా కలిగి ఉండటాన్ని అక్కడి ఫెడరల్ చట్టం మామూలుగా నిషేధిస్తుంది. హంటింగ్ లైసెన్స్ లాంటి కొన్ని మినహాయింపులు మాత్రం ఉన్నాయి. స్నేహితుడి పేరు మీద కొని మన ఇంట్లో పెట్టుకోవడం ఇంకా పెద్ద నేరం. టెక్సస్‌లో పర్మిట్ లేకుండా వెంట ఉంచుకోవచ్చని 2021లో వచ్చిన చట్టాన్ని చూసి, అది తమకూ వర్తిస్తుందనుకోవద్దు. మా మేనల్లుడికి గ్రీన్ కార్డు ఉంది కాబట్టి మిగతా మాట మాట్లాడాను.

మంచి వైపు చాలానే ఉంది. ఐదో ఆరో తూటాలు ఒకే చుట్టుగా ఉంటాయి కాబట్టి లోడ్ చేయడం ఒక్క కదలిక. ఖాళీలూ ఒక్క ముద్దగా బయటపడతాయి, ఒకటి ఇరుక్కుని మిగలడం ఉండదు. జెర్రీ మికులెక్ అనే షూటర్ 1999లో .45 ఏసీపీ తూటాలు వాడే స్మిత్ అండ్ వెసన్ 625 రివాల్వర్‌తో ఆరు కాల్చి, మళ్లీ లోడ్ చేసి, ఇంకో ఆరు కాల్చాడు. మొత్తం 2.99 సెకన్లు పట్టింది. అంచు ఉన్న తూటాలను విడివిడిగా వేసే పద్ధతిలో అది అయ్యే పని కాదు. చిన్న బ్యారెల్ ఉన్న రివాల్వర్లలో 9 ఎం.ఎం. తూటా బలం కూడా బాగుంటుంది. .38 స్పెషల్ అనే రివాల్వర్ తూటా గరిష్ఠ ఒత్తిడి 17,000 పీఎస్ఐ అయితే దీనిది దానికి రెట్టింపు. అక్కడ 9 ఎం.ఎం. తూటా .38 కంటే చవక, ఏ దుకాణంలోనైనా దొరుకుతుంది. ఇంట్లో పిస్టల్ కూడా అదే తూటాదైతే ఒకే డబ్బా రెండింటికీ సరిపోతుంది.

చెడు వైపు అంతా ఆ రేకు దగ్గరే ఉంది. అది పలచటి ఉక్కు. జేబులో, సంచిలో వేసి తిరిగితే కొద్దిగా వంగుతుంది. కంటికి కనిపించనంత వంపు చాలు, సిలిండర్ బిగుసుకుంటుంది. రేకు గాడి మందం, తూటా కంపెనీ చేసిన గాడి మందం సరిపోకపోతే తూటాలు గలగలా ఊగుతాయి, పిన్ను దెబ్బ సరిగ్గా పడక పేలవు. తూటాలను రేకులో బిగించడానికి, విప్పడానికి విడిగా పనిముట్టు కావాలి. రెండు కాల్చి ఆ రెండే మళ్లీ నింపుకోవడం కుదరదు, మొత్తం రేకు మార్చాలి. రోజూ వెంట పెట్టుకుని తిరిగే మనిషికి ఇవి చిన్న విషయాలు కావు.

దీనికన్నా ముఖ్యమైనది ఇంకోటి ఉంది, అమ్మేవాళ్లు దాన్ని చెప్పరు. రివాల్వర్ తూటాల్లో కేసు నోటిని బుల్లెట్ చుట్టూ లోపలికి గట్టిగా నొక్కి మడుస్తారు. పిస్టల్ తూటాల్లో అలా మడవరు, ఎందుకంటే పిస్టల్ గదిలో తూటా ఆగేది కేసు నోటి అంచు మీదే. తేలికైన రివాల్వర్ కాల్చినప్పుడు వెనక్కి గట్టిగా కొడుతుంది. ఒకటి కాల్చినప్పుడు మిగతా గదుల్లోని బుల్లెట్లు కేసుల్లోంచి కొద్దికొద్దిగా ముందుకు జరుగుతాయి. జరిగి జరిగి ఒకటి సిలిండర్ ముందుకు పొడుచుకొస్తే సిలిండర్ తిరగడం ఆగిపోతుంది. దీన్ని పరీక్షించే పద్ధతి తేలికే, రేంజ్‌లో చేసుకోవచ్చు. అన్ని గదులూ నింపి, ఒకటి తప్ప అన్నీ కాల్చండి. ఆ మిగిలిన తూటా పొడుగును కాల్చకముందు కొలిచి పెట్టుకున్న పొడుగుతో పోల్చండి. జరిగితే ఆ కంపెనీ తూటా ఆ రివాల్వర్‌కు పనికిరాదు. బుల్లెట్ బరువు పెరిగేకొద్దీ, తుపాకి తేలికయ్యేకొద్దీ ఈ జరుగుడు ఎక్కువ. రూగర్ కంపెనీ ఎల్‌సీఆర్ రివాల్వర్ .38లో కంటే 9 ఎం.ఎం.లో కొంచెం బరువు ఎక్కువగా, సుమారు 488 గ్రాములు ఉంటుంది. ఆ బరువు మంచికే.

రేకు గొడవ వద్దనుకునేవాళ్ల కోసం వేరే దారులూ వెతికారు. స్మిత్ అండ్ వెసన్ 1980ల మొదట్లో 547 అనే మోడల్‌లో చిన్న వేళ్ల లాంటి కొక్కేలు పెట్టి రేకు లేకుండానే 9 ఎం.ఎం. ఖాళీలు తీసే ఏర్పాటు చేసింది. కొన్నేళ్లకే ఆపేసింది. చార్టర్ ఆర్మ్స్ పిట్‌బుల్‌లోనూ స్ప్రింగుతో కదిలే కొక్కేలే ఉన్నాయి. నాకు అన్నిటికన్నా ముచ్చటగా అనిపించేది రూగర్ బ్లాక్‌హాక్. దానికి రెండు సిలిండర్లు ఇస్తారు. ఒకటి .357కు, ఇంకోటి 9 ఎం.ఎం.కు. ఇది పక్క కిటికీ లోంచి ఒక్కొక్కటిగా నింపే పాత పద్ధతి రివాల్వర్. ఖాళీని తోసే కడ్డీ ముందు నుంచి కేసు లోపలికే దూరి అడుగును తోస్తుంది. అంచు ఉన్నా లేకున్నా దానికి ఒకటే. నిదానంగా, తీరుబడిగా లక్ష్యాలు కొట్టుకునే మనిషికి ఇంతకంటే సుఖమైనది లేదు. ఆత్మరక్షణకు మాత్రం నింపడం చాలా ఆలస్యం.

ఎవరికి ఏది

మిర్యాలగూడ, జడ్చర్ల వైపు వ్యాపారం చేసుకుంటూ, లైసెన్స్ ఉన్నా సాధన లేని మనిషికి: పక్కకు తెరుచుకునే .32 రివాల్వర్, దాని సొంత తూటా. అంతే. పాతది ఉంటే ముందు గొళ్లెం బిగువు చూపించుకోండి. పెళ్లి బరాత్‌లో గాలిలోకి కాల్చే అలవాటు ఉంటే ఏదీ కొనొద్దు. 2019 సవరణ ప్రకారం దానికి రెండేళ్ల దాకా జైలు, లేదా లక్ష రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ పడవచ్చు. పైకి పోయిన బుల్లెట్ ఎవరి ఇంటి పైకప్పు మీద దిగుతుందో ఎవరికీ తెలియదు.

అచ్చంపేట, అమ్రాబాద్ పక్క రైతులు అడవి పందుల బాధతో తుపాకి లైసెన్స్ గురించి అడుగుతారు. వాళ్ల బాధ నాకు తెలుసు, ఒక్క రాత్రిలో మొక్కజొన్న చేను నేలమట్టమవుతుంది. అయినా ఏ రివాల్వరూ, ఏ పిస్టలూ దానికి పనికిరాదు. పంట కాపలా కోసం చట్టం విడిగా చెప్పింది నోటి నుంచి మందు దట్టించే తుపాకి గురించి, మన తాతలు భర్మార్ అన్న దాని గురించి. దాన్ని కూడా అటవీ శాఖ నిబంధనలు తెలుసుకోకుండా జంతువు మీద ఎత్తకూడదు.

షూటింగ్ నేర్చుకోవడానికి నల్లగొండ, పాలమూరు నుంచి గచ్చిబౌలి రేంజ్ దాకా వెళ్లే పిల్లలకు ఒక ఆసక్తికరమైన సంగతి. 25 మీటర్ల సెంటర్ ఫైర్ పోటీలో ఈ కథ తలకిందులవుతుంది. అక్కడ పిస్టల్‌తోనే రివాల్వర్ తూటా కాలుస్తారు. వాల్తర్, పార్డిని కంపెనీలు .32 ఎస్ అండ్ డబ్ల్యూ లాంగ్ కోసమే మ్యాగజైన్ పిస్టళ్లు చేశాయి. బుల్లెట్ ముందు భాగం చదునుగా, కేసు నోటితో సమానంగా ఉండే వాడ్‌కట్టర్ అనే రకం తూటా అది. కాగితం మీద గుండ్రంగా, శుభ్రంగా రంధ్రం చేస్తుంది, చేతిని కదిలించదు. మన జస్పాల్ రాణా 2006 దోహా ఆసియా క్రీడల్లో 590 పాయింట్లతో ప్రపంచ రికార్డును సమం చేసింది ఈ పోటీలోనే. అంచు ఉన్న తూటాను మ్యాగజైన్‌లో పేర్చడం కష్టమని పైన రాశాను కదా. ఆ కష్టాన్ని వాళ్లు ఐదే తూటాలు పెట్టి, మ్యాగజైన్‌ను ఎంతో కచ్చితంగా చేసి దాటారు. ఖరీదూ అలాగే ఉంటుంది. ఆత్మరక్షణకు కాదు, కచ్చితత్వానికి అంత కష్టపడటం సమంజసమే.

అమెరికాలో చట్టబద్ధంగా కొనగలిగి, అప్పటికే 9 ఎం.ఎం. పిస్టల్ ఉండి, రేంజ్‌కు క్రమం తప్పకుండా వెళ్లే మనిషికి 9 ఎం.ఎం. రివాల్వర్ మంచి రెండో తుపాకి. మొదటి తుపాకిగా వద్దు. ఏడాదికి రెండుసార్లు కాల్చేవాడికీ వద్దు. అతనికి .38 స్పెషల్ చాలు, ఏ రేకూ లేకుండా దశాబ్దాలు పనిచేస్తుంది.

మిల్లు యజమాని ముందు నేను సిలిండర్ తెరిచి లైటు పెట్టి చూపించాను. ఆరు గదుల్లో నాలుగింట్లో మసి చుట్టు ఉంది. అంటే వాళ్ల నాన్న ఆ పొట్టి తూటాలు కాల్చే ఉన్నాడు. పొడుగు తూటా వేస్తే చివరి రెండు మిల్లీమీటర్లు దిగలేదు. ఇత్తడి బ్రష్షుతో గంటసేపు రుద్దితే వదిలింది. గొళ్లెం కూడా కొంచెం వదులైంది, దాన్ని లైసెన్స్ ఉన్న రిపేరు దుకాణంలో చేయించమన్నాను. మరుసటి రోజు పొట్టి తూటాలు పదకొండూ స్టేషన్‌లో అప్పగించి రసీదు ఫోటో పంపాడు.

మేనల్లుడు కొనలేదు ఇంకా. నేను చెప్పినట్టే రేంజ్‌లో ఒక ఐదు తూటాల 9 ఎం.ఎం. రివాల్వర్ అద్దెకు తీసుకుని, నాలుగు కాల్చి ఐదోది కొలిచాడట. 147 గ్రెయిన్ల బరువు బుల్లెట్ దాదాపు ఒక మిల్లీమీటరు ముందుకు జరిగింది. 115 గ్రెయిన్లది కదల్లేదు. "ఇంకో రెండు కంపెనీలవి చూసినంక చెప్త మామా" అన్నాడు.